తోపు పెంచాలంటే ఎవరిని అడగాలి?

మీకు రెండెకరాలో మూడెకరాలో ఎర్రనేల ఉంది. ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలో, వెల్లిచందై చుట్టుపక్కల ఎక్కడో అనుకుందాం. టమాటా ధర ఒక వారం చుక్కలనంటుతుంది, మరో వారం కోతకూలి కూడా రాదు. బోరు నీళ్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి. పనికి మనుషులు దొరకరు. పిల్లలు హోసూరులోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉన్నారు. ఇక చెట్లు పెట్టేద్దాం, పదేళ్లకో పదిహేనేళ్లకో ఇంటికి అక్కరకొస్తాయి అని నిర్ణయించుకున్నారు. మంచి నిర్ణయమే. మరి ఏ చెట్టు పెట్టాలి? ఎంత ఎడం ఉంచాలి? ఎప్పుడు పలచన చెయ్యాలి? ఎవరికి, ఏ కొలతన అమ్మాలి? ఈ ప్రశ్నలు మీరు ఎవరిని అడిగారు? మొక్కలు అమ్మే ఆయననా? రాత్రి భోజనం తర్వాత ఫోనులో చూసిన వీడియోనా? అక్కడే ఆగండి. చెట్టు పెంచడంలో పెద్ద తప్పులు గొయ్యి తవ్వేటప్పుడు జరగవు. ఎవరి మాట పట్టుకుని తవ్వామో అక్కడ జరుగుతాయి.

ఎందుకంటే చెట్టుకూ ఏటిపంటకూ ఒక పెద్ద తేడా ఉంది. రాగిలోనో టమాటాలోనో తప్పు చేస్తే మూడు నాలుగు నెలల్లో తెలిసిపోతుంది. వచ్చే పంటకు దిద్దుకుంటారు. ముప్పై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి అలా దిద్దుకునే అవకాశం ఎన్నో సార్లు వస్తుంది, అందుకే ఆయన అనుభవానికి విలువ. చెట్టు విషయంలో అలా కాదు. ఎడం తక్కువైందని ఏడో ఏట తెలుస్తుంది. నేల లోతు చాలలేదని పదో ఏట తెలుస్తుంది. కొనేవాడు లేడని నరకబోయే ముందు తెలుస్తుంది. ఒక మనిషి జీవితంలో తోపు పెట్టి, పెంచి, నరికి, మళ్లీ పెట్టే అవకాశం రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు వస్తుంది. కాబట్టి సొంత అనుభవంతో నేర్చుకుంటాను అనే మాట ఇక్కడ చెల్లదు. ఇతరుల చెట్ల నుంచి నేర్చుకోవాలి. అదీ మీ నేలలాంటి నేలలో, మీ వానలాంటి వానలో పెరిగి, ముదిరి, నరికి, అమ్ముడుపోయిన చెట్ల నుంచి. పుస్తకం, ఆఫీసు, శిక్షణ, వీడియో, నర్సరీ, ఏదైనా సరే, అలాంటి ముదిరిన చెట్టుకు అది ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని బట్టే దాని విలువ కట్టండి. ఈ అధ్యాయంలో నేను చెప్పే సలహాలన్నీ ఈ ఒక్క లెక్క నుంచి వచ్చినవే.

మీరు వెంటనే ఒక మాట అనవచ్చు. మా తాతలు ఏ శిక్షణకు పోయి చింతచెట్లు పెట్టారు? ఏ పుస్తకం చదివి వేప, కానుగ పెంచారు? నిజమే, ధర్మపురి ప్రాంతం చింతకు పేరుమోసింది, అందులో ఏ కళాశాల ప్రమేయమూ లేదు. అయితే తాతలు చదువు లేకుండా నాటారన్నది సరికాదు. ఈ నేలలో ఏది బతుకుతుందో, ఎన్నేళ్లకు కాస్తుందో, ఏ గట్టు మీద ఉండాలో పది తరాలు చూసి తేల్చిన తర్వాతే వాళ్లు చింత నాటారు. వాళ్ల కళ్లముందు ముదిరిన చెట్లు వందలుండేవి. మనం ఇవాళ పెట్టాలనుకుంటున్న మలబార్ వేపకు, క్లోన్ సరుగుడుకు, తోటగా వేసే శ్రీగంధానికి మన ఊళ్లో ఆ పది తరాల చూపు లేదు. తాతలకు కంటితో వచ్చిన చదువును మనం వెతుక్కుని తెచ్చుకోవాలి, అంతే తేడా.

1. ముందు మీ నేల గురించి నాలుగు మాటలు రాసుకోండి

సలహాకు పోయేముందు ప్రశ్న స్పష్టంగా ఉండాలి. ఏ చెట్టు పెడితే లాభం అని అడిగితే ఎదుటివాడు తనకు తెలిసిన చెట్టు పేరు చెబుతాడు. మూడడుగుల లోతుకు ఎర్రమట్టి, కింద గరుసు, బోరులో వేసవికి గంట నీళ్లు, ఇక్కడ ఏది పెట్టొచ్చు అని అడిగితే ఆలోచించి చెబుతాడు. అందుకని పొలంలో రెండు మూడు చోట్ల మూడు నుంచి నాలుగడుగుల గొయ్యి తవ్వి చూడండి. పైన ఎర్రగా కనబడే నేల అడుగున ఎక్కడ రాయి తగులుతుందో తెలుసుకోండి. టేకు లోతైన, నీరు నిలవని నేలను కోరుతుంది. పలుచని గరుసు నేలలో అది చావకపోవచ్చు, కానీ కర్రగానే నిలిచిపోతుంది. మన జిల్లాలో ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్ల వాన, అదీ నైరుతి కొంత, ఈశాన్యం కొంత. మధ్యలో మార్చి నుంచి మే దాకా ఎండ. మొదటి రెండు వేసవులు మొక్కకు నీళ్లు ఎక్కడివి? మేకలను ఆపేది ఎవరు? అడవి ఎంత దూరం? ఈ జవాబులతో పాటు మట్టి పరీక్ష ఫలితం కూడా ఉంటే మీ ప్రశ్న సిద్ధమైనట్టే. పాప్పారపట్టిలోని కృషి విజ్ఞాన కేంద్రం మన జిల్లాకు దగ్గరి గడప, మొదట అక్కడికే వెళ్లండి.

2. ముదిరిన చెట్టు దగ్గరికి వెళ్లండి

నా దృష్టిలో అన్నిటికన్నా మంచి వనరు ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. మీ ఊరి చుట్టూ ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపల మీరు పెట్టాలనుకున్న చెట్టు ఎనిమిదేళ్లో పదేళ్లో దాటిన తోపు ఎక్కడుందో ఆరా తియ్యండి. పాలక్కోడు, మారండహళ్లి, రాయకోట, కావేరిపట్టణం వైపు సంతల్లో, ఎరువుల దుకాణాల్లో, కట్టెల అడితిల్లో అడిగితే తెలుస్తుంది. అడితివాడు దీనికి చాలా మంచి మనిషి, ఏ ఊరి నుంచి ఏ దుంగ వచ్చిందో అతనికి గుర్తుంటుంది. అలాంటి తోపు ఒక్కటీ దొరకలేదనుకోండి, అదీ ఒక జవాబే. చుట్టుపక్కల ఎవరూ ముదిరేదాకా పెంచని చెట్టును మీరు రెండెకరాల నిండా పెట్టబోతున్నారన్న మాట. అప్పుడు రెండెకరాలు వద్దు, గట్టు వెంట ముప్పై మొక్కలు పెట్టి చూడండి.

తోపు దొరికితే ఏం చూడాలి? చాలామంది వెళ్లి, పైకి చూసి, బాగుందండీ అని వచ్చేస్తారు. కింద చూడాలి. ఎన్ని గోతులకు ఎన్ని చెట్లు మిగిలాయి? వరస మధ్యలోని చెట్టుకూ, అంచున వెలుతురు తగిలే చెట్టుకూ లావులో తేడా ఎంత? అంచు చెట్లు లావుగా, లోపలివి సన్నగా ఉంటే ఆ తోపు ఇరుకైందని అర్థం. రెండు మీటర్ల ఎడంతో టేకు పెడితే ఎకరానికి దాదాపు వెయ్యి మొక్కలు పడతాయి. ఆ వెయ్యీ చివరిదాకా ఉంచడానికి కావు. కొన్నేళ్లకు ఒకసారి, మళ్లీ కొన్నేళ్లకు ఇంకోసారి పలచన చేస్తూ పోవాలన్న ఉద్దేశంతోనే అంత దగ్గరగా పెడతారు. కానీ పెంచిన చెట్టును నరకడానికి చెయ్యి రాదు. పదిహేనేళ్లకు వెయ్యి వాసాలు మిగులుతాయి, దుంగ ఒక్కటీ ఉండదు. ఈ పాఠాన్ని ఎన్ని పేజీల్లో చదివినా, అలాంటి తోపులో ఒక పూట నిలబడి చూసినంత బాగా మనసుకెక్కదు.

తర్వాత యజమానిని అడగండి. మొదటి మూడేళ్లు ఏం చేశారు? కొమ్మలు ఎప్పుడు కత్తిరించారు? మలబార్ వేప ప్లైవుడ్‌కు పోవాలంటే మొదలు నున్నగా, ముడులు లేకుండా ఉండాలి. చిన్నప్పుడే పక్క కొమ్మలు తీయకపోతే ఆ చెట్టు పొయ్యి కట్టె ధరకే పోతుంది. మళ్లీ పెడితే ఏం మారుస్తారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఎంత వచ్చింది అని మొదటే అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఏం మారుస్తారు అని అడిగితే మనసు విప్పుతారు.

ఒక ఆక్షేపణ ఉంది. ఒక తోపు చూసి నిర్ణయిస్తే అది ఒక్క మనిషి అదృష్టం కావచ్చు కదా? కావచ్చు. అందుకే కనీసం మూడు చూడండి. వాటిలో ఒకటి చెడిపోయినదై ఉండాలి. బాగున్న తోపు ఏం చెయ్యొచ్చో చూపిస్తుంది. చెడిన తోపు మీ నేల ఏం ఒప్పుకోదో చూపిస్తుంది, ఆ రెండోది తెలుసుకోవడానికి మీ సొంత పదేళ్లు ఖర్చు చెయ్యనక్కర్లేదు.

3. ఏ ప్రశ్న ఏ గడప దగ్గర అడగాలి?

సర్కారు సంస్థలకు పోతే కరపత్రం చేతికిచ్చి పంపుతారు, మా నేల సంగతి వాళ్లకేం తెలుసు అని చాలామంది నిరాశపడతారు. ఆ నిరాశకు సగం కారణం తప్పు గడప దగ్గర తప్పు ప్రశ్న అడగడం. ఒక్కో సంస్థ ఒక్కో పనికి పుట్టింది. జిల్లా స్థాయిలో కృషి విజ్ఞాన కేంద్రం మట్టి, నీరు, అంతరపంట సంగతి చెబుతుంది. కృష్ణగిరి వైపు పైయూరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా కాకముందు అది కూడా మన జిల్లాలోనిదే, అంటే అక్కడి నేలా వానా మనకు కొత్తవి కావు. మెట్ట సేద్యంలో చెట్టునూ పంటనూ కలపాలంటే అక్కడ అడగవచ్చు. ఏ రకం, ఏ క్లోన్ అన్న ప్రశ్నకు మేట్టుపాళయంలోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థ సరైన చోటు. మలబార్ వేపలో, సరుగుడులో రకాలు విడుదల చేసినవాళ్లు, కాగితం మిల్లులతో రైతులకు ఒప్పందాలు కుదిర్చే పద్ధతి నడిపినవాళ్లు వాళ్లే. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ 1988 నుంచి పనిచేస్తోంది. సరుగుడు క్లోన్లు, చెట్ల తెగుళ్లు వాళ్ల ప్రత్యేకత. చెట్ల రైతులకు మేళాలు కూడా జరుపుతుంది, అక్కడ శాస్త్రవేత్తా, మిల్లువాడూ, రైతూ ఒకేచోట దొరుకుతారు. శ్రీగంధం మీద మనసుంటే బెంగళూరు మల్లేశ్వరంలోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ కొద్ది రోజుల శిక్షణలు ఇస్తుంది. మన ఊరి నుంచి కోయంబత్తూరు కన్నా బెంగళూరే దగ్గర. ఇక సర్కారు మొక్కలు, నాటే పథకాలు, అనుమతులు అయితే అటవీశాఖ. తమిళనాడు అటవీశాఖ ప్రైవేటు భూముల్లో చెట్ల పెంపకాన్ని ఒక పథకంగానే నడిపింది, 2022లో మొదలైన గ్రీన్ తమిళనాడు మిషన్ కూడా పట్టాభూముల్లో నాటే మొక్కలను లెక్కలోకి తీసుకుంటోంది.

క్లోన్ గురించి అడగడం అంత ముఖ్యమా అనిపించవచ్చు. 2000ల తొలి దశకంలో దక్షిణాదిలో జామాయిల్ తోటలను ఆకు ఈనెల మీద బుడిపెలు కట్టించే ఒక చిన్న కందిరీగ పట్టుకుంది. కొన్ని క్లోన్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి, కొన్ని తట్టుకున్నాయి. క్లోన్ అంటే అన్ని మొక్కలూ ఒకే తల్లి నకళ్లు, ఒకదానికి పట్టింది అన్నిటికీ పడుతుంది. మీరు ఏది పెట్టారో, ఎక్కడ తెచ్చారో మీ దగ్గర రాసి లేకపోతే, రేపు తెగులు వచ్చినప్పుడు శాస్త్రవేత్త కూడా మీకు ఏమీ చెప్పలేడు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదువుకున్న కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. విశ్వవిద్యాలయం కరపత్రాలు, వెబ్‌సైటు తమిళంలో దొరుకుతాయి, పెద్దవాళ్లకు పిల్లలు చదివి వినిపించవచ్చు. తెలుగు వీడియోలు మాత్రం ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ నుంచి వస్తాయి. అవి చూడండి, కానీ రెండు సంగతులు పక్కన పెట్టి చూడండి. అక్కడ చెట్టు నరకడానికి వర్తించేది 2002 నాటి వాల్టా చట్టం, మీకు వర్తించేవి తమిళనాడు నియమాలు. అక్కడి కోస్తా ఇసుక నేలలో ఉరికే సరుగుడు మీ గరుసు నేలలో అలా ఉరకదు. పేర్లు కలగలిసే చోట శాస్త్రీయ నామం అడిగి రాయించుకోండి. మలబార్ వేప అంటే మీలియా డూబియా. తురకవేప అంటే మీలియా అజెడరాక్. నారులో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, పదేళ్ల తర్వాత మాత్రం ఒకేలా ఉండవు.

4. అమ్మేవారి మాట వినండి, ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు వెయ్యండి

నర్సరీవాళ్లకు మొక్క గురించి చాలా తెలుసు. మిల్లువాళ్లకు కట్టె గురించి చాలా తెలుసు. వాళ్ల మాట వినకూడదని నేను చెప్పను. కానీ ప్రతి సలహాకూ ఒక అంచు ఉంటుంది, అది ఆ మనిషి సంపాదన ఎక్కడ ముగుస్తుందో అక్కడ ముగుస్తుంది. మొక్క అమ్మే మనిషికి మీతో లావాదేవీ నాటే రోజుతో అయిపోతుంది. కరూరు జిల్లాలోని తమిళనాడు న్యూస్‌ప్రింట్ మిల్లు, ఈరోడు పక్కన పళ్లిపాళయంలోని శేషశాయి మిల్లు లాంటివి కాగితానికి సరుగుడు, జామాయిల్ కొంటాయి. వాళ్ల ప్రతినిధి ఆ రెండింటి గురించి నికరమైన సలహా ఇస్తాడు, కొనుగోలు ఒప్పందం కూడా ఇవ్వవచ్చు, అది చిన్న విషయం కాదు. అయితే మీ నేలకు చింతే మంచిది అని అతను ఎప్పుడూ చెప్పడు. చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. ఆ ఖాళీని మీరు వేరే చోట పూరించుకోవాలి.

ఇక లక్షలు, కోట్లు చెప్పేవాళ్లు. 1990లలో టేకు తోటల పేరుతో దేశమంతటా కంపెనీలు లేచాయి. చెట్టుకు ఇంత కట్టండి, ఇరవై ఏళ్లకు ఇన్ని రెట్లు ఇస్తాం అన్నాయి. మద్రాసులో కూడా వేలమంది మధ్యతరగతి వాళ్లు డబ్బు పెట్టారు, చాలామంది పోగొట్టుకున్నారు. చివరికి 1999లో సెబీ ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నియమాలు తెచ్చింది. ఆ కంపెనీల లెక్కలో కూడికలూ గుణకారాలూ తప్పు కాదు. లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు. నాటిన ప్రతి చెట్టూ బతుకుతుందని, పలచన అక్కర్లేదని, తోట టేకు అడవి టేకు ధరకే పోతుందని అనుకుని గుణించారు. ఇవాళ ఎకరం శ్రీగంధానికి కోటి అనే మాటలోనూ అదే గుణకారం ఉంది. శ్రీగంధం సగం పరాన్నజీవి. పక్కన కంది, తర్వాత సరుగుడు, కానుగ లాంటి ఆతిథ్య చెట్టు లేకపోతే ఎదగదు. వాసన ఉండేది చేవలో. ఆ చేవ కట్టడానికే పదేళ్లు దాటాలి, నిండడానికి ఇంకా కాలం. చేవ కట్టిన రోజు నుంచి దొంగభయం. ఇవన్నీ తీసేస్తే మిగిలేదే మీ లాభం. మిగలదని నేను అనడం లేదు, తీసివేతలు చెయ్యకుండా గుణించవద్దు అంటున్నాను.

కాబట్టి ఎవరు సలహా ఇచ్చినా, వీడియో అయినా మనిషైనా, ఈ నాలుగూ అడగండి. ఈ చెట్టు ముదిరి నరికిన తోపు నాకు చూపిస్తారా? ఆ కట్టె ఎవరు కొన్నారు, ఏ కొలతన? వందలో ఎన్ని చచ్చాయి? ఈ చెట్టు ఏ నేలలో పెట్టకూడదు? నాలుగో ప్రశ్నకు జవాబు లేనివాడికి ఆ చెట్టు తెలియదు.

5. కొలత నేర్చుకోండి

ఇది చిన్న సంగతి, ఒక సాయంత్రంలో వస్తుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టి చెట్టు చుట్టుకొలత తియ్యండి. దుంగ లెక్కకు కట్టె వ్యాపారంలో ఎక్కువగా వాడేది హాపస్ కొలత, 18వ శతాబ్దపు ఇంగ్లండు నుంచి వచ్చింది. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. ముప్పై ఆరు అంగుళాల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ తీసుకోండి. నాలుగో వంతు తొమ్మిది, తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి, పదితో గుణిస్తే 810, అంగుళాలను అడుగుల్లోకి మార్చడానికి 144తో భాగిస్తే 5.6 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో ఉన్న కట్టె 7.1 ఘనపుటడుగుల పైమాటే. అంటే కోతలో పోయే పొట్టుకని ఈ పద్ధతి ముందే ఐదో వంతుకు పైగా తీసేస్తుంది. అది మోసం కాదు, వ్యాపారం ఒప్పుకున్న కొలత. కానీ అది తెలియకపోతే ఆ తరుగు పోయాక కూడా బెరడుకింత, వంకరకింత అని మళ్లీ తరుగు తీసినప్పుడు మీరు ఏమీ అనలేరు. తోపంతా గుత్తగా అడిగేవాడికి అమ్మబోయే ముందు ఒక ఇరవై చెట్లు ఇలా కొలిచి లెక్క చేతిలో పెట్టుకోండి. బేరం ఎంత మారుతుందో మీరే చూస్తారు.

6. కాగితాలు కూడా చదువులో భాగమే

నా పొలం, నా చెట్టు, నరకడానికి ఎవరినడగాలి అనే మాట సహజం. అయితే చెట్టు పెట్టే ముందే నరికే నియమం తెలుసుకోవడం తెలివైన పని. శ్రీగంధం ఒకప్పుడు సొంత భూమిలో ఉన్నా సర్కారుదే. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో భూయజమానికి హక్కు ఇచ్చాయి. అయినా తమిళనాడులో నరకడం, అమ్మడం అటవీశాఖ ద్వారానే, దానికి పట్టాభూముల శ్రీగంధానికని 2008లో నియమాలు వచ్చాయి. కట్టె రవాణాకు 1968 నాటి నియమాలున్నాయి. కొన్ని జాతులకు అనుమతి అక్కర్లేదు, కొన్నింటికి కావాలి, ఆ జాబితా కాలానుగుణంగా మారుతుంది. మీరు పెట్టబోయే జాతి ఏ వైపు ఉందో అటవీ రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మీ భూమి కొండ గ్రామం కింద వస్తే 1955 చట్టం, పాత ప్రైవేటు అడవిగా నమోదై ఉంటే 1949 చట్టం వర్తించవచ్చు. పట్టా, చిట్టా దగ్గరుంచుకోండి. నాటిన చెట్లు అడంగల్‌లో ఎక్కేలా గ్రామ పరిపాలనాధికారిని అడగండి. పదిహేనేళ్ల తర్వాత ఇవి నా పట్టాలో నేను పెంచినవే అని రుజువు చేసే కాగితం అదే.

కంచె గురించి కూడా చెప్పకుండా ఉండలేను. మన పాలక్కోడు ప్రాంతం ఏనుగుల దారిలో ఉంది. ధర్మపురి, కృష్ణగిరి అడవుల్లో 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడింది. 2023 మార్చిలో మారండహళ్లి దగ్గర పొలానికి అక్రమంగా కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి, రెండు పిల్లలు తల్లుల్లేకుండా మిగిలాయి. ఆ ఏడాదే తమిళనాడు విద్యుత్ కంచెల నమోదుకు, నియంత్రణకు నియమాలు తెచ్చింది. లైను నుంచి నేరుగా తీగ లాగడం ఏనుగునే కాదు, పొద్దున్నే పొలానికి పోయే మన మనిషినీ చంపుతుంది. సోలార్ కంచె పెట్టాలన్నా అడవి దగ్గరైతే ముందు అటవీశాఖను అడగండి. ఏనుగు ఇష్టంగా తినే పంట అడవి అంచున పెట్టకపోవడం అన్నిటికన్నా చవకైన కంచె.

7. ఉన్న తోపును కొట్టేసి కొత్త తోపు పెట్టకండి

కొందరికి ఇప్పటికే పొలంలో ఒక మూల చింత, వేప, కానుగ, తుమ్మ కలిసి పెరిగిన చిట్టడవి ఉంటుంది. దాన్ని బీడు అంటారు, చదును చేసి ఒకే రకం మొక్క పెడతారు. ఆ మూల ఇప్పటికే మీ నేలలో బతికి నిరూపించుకున్న తోపు. దానికి కావలసింది శుభ్రం చెయ్యడం, ఖాళీలు పూరించడం. లంటానా అల్లుకుంటే పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. వానకు నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే, మొదలును భూమికి రెండంగుళాల లోపల వేరుతో కోసి, పొదను తలకిందులుగా ఎండబెట్టండి. ఆ ఖాళీలో వెంటనే గడ్డి, నీడ చెట్టు రాకపోతే కింద పడి ఉన్న విత్తనం మళ్లీ లేస్తుంది, కాబట్టి రెండు మూడు వానలు గమనించాలి. వేసవిలో ఎండుటాకు కాల్చే అలవాటు మానండి. గట్టు చుట్టూ ఆకు ఊడ్చి మంట దాటకుండా ఒక బాట తీసిపెట్టుకుంటే చాలు.

8. రెండు పేజీల ప్రణాళిక, ఒక నోటుపుస్తకం

అమెరికాలో 1990 నుంచి నడుస్తున్న ఫారెస్ట్ స్టీవర్డ్‌షిప్ కార్యక్రమం చిన్న అటవీ యజమానికి అటవీ నిపుణుడి సాయంతో రాతపూర్వకమైన ప్రణాళిక తయారుచేసుకునే వీలు కల్పిస్తుంది. వాళ్ల చెట్లు వేరు, వాళ్ల చలి వేరు, వాళ్ల ఎకరాలు వేరు, మనకు అదంతా ఎందుకు అనవచ్చు. వాళ్ల చెట్లు మనకు పనికిరావు, ఒప్పుకుంటాను. వాళ్ల పద్ధతి పనికొస్తుంది. ఈ భూమి నుంచి నాకేం కావాలి, ఇప్పుడు ఏముంది, ఏ ఏట ఏం చెయ్యాలి అని రాయడానికి ఎకరాల లెక్క లేదు. రెండెకరాలకు రెండు పేజీలు చాలు. అది రాసి ఉంటే కృషి విజ్ఞాన కేంద్రంలో మీతో మాట్లాడే మనిషి కూడా మిమ్మల్ని వేరేగా చూస్తాడు.

నేర్చుకునేసరికే పదేళ్లు అయిపోతాయి, ఎప్పుడు నాటాలి అన్న తొందర మీకు ఉంటుంది, ఉండాలి కూడా. అందుకు దారి ఉంది. మొత్తం భూమిలో నాలుగో వంతు ఈ వానకు నాటండి, మూడు వంతుల్లో పంట సాగనివ్వండి. నాటిన దాంట్లోనూ రెండు మూడు జాతులు, రెండు చోట్ల నుంచి తెచ్చిన మొక్కలు ఉండనివ్వండి. పదడుగుల ఎడంతో మలబార్ వేప పెడితే ఎకరానికి నాలుగు వందల ముప్పై ఐదు మొక్కలు, మధ్యలో మొదటి రెండేళ్లు ఉలవలో వేరుశెనగో వస్తుంది, కలుపూ తగ్గుతుంది. ఉద్యోగంలో ఉండి ఊళ్లో లేనివాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చెట్లకు కాపలా అక్కర్లేదన్నది మూడో ఏడు దాటిన తర్వాతి మాట. అంతవరకూ ఒక మనిషికి జీతమిచ్చి అప్పగించలేకపోతే, నాటే సంఖ్య తగ్గించండి.

నోటుపుస్తకంలో నాటిన తేదీ, జాతి, క్లోన్ పేరు, నర్సరీ రసీదు, చచ్చిన మొక్కల లెక్క రాయండి. ప్రతి సంక్రాంతికీ అవే పాతిక చెట్లకు రంగు గుర్తు పెట్టి చుట్టుకొలత తియ్యండి. మూడో ఏడు నుంచి ఆ అంకెలు మాట్లాడతాయి. రెండేళ్లు వరసగా పెరుగుదల తగ్గితే ఇరుకైందో, తెగులు పట్టిందో, నీరు చాలలేదో, ఆ పుస్తకం పట్టుకుని మేట్టుపాళయమో కోయంబత్తూరో వెళ్లండి. అక్కడ మీకు కరపత్రం ఇచ్చి పంపరు, కూర్చోబెట్టి అడుగుతారు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మీ తోపు చూడడానికి మనుషులు వస్తారు. వాళ్లకు ఆ పుస్తకం తెరిచి చూపించండి, చచ్చిన మొక్కల పేజీతో సహా.